డబ్బులు వేళకి రాని ఇంటికి ఏది నయం: కొట్టు పద్దా, చిట్టీయా, తాకట్టా, ‘ఇంటి జీతమా’?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా ఆయన ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతారు. జీతం ఐదో తేదీన పడిన నెల ఉంది, ఇరవై ఏడున పడిన నెలా ఉంది. దానికి తోడు ఎకరం కొబ్బరి తోట. నెలన్నరకో రెండు నెలలకో దింపు, అంటే కాయలు కోయించి అమ్మడం, ఆ రోజు ధర ఎంతుంటే అంతే. ఏడాది మొత్తం కలిపి చూస్తే మాకు వచ్చేది మరీ తక్కువేం కాదు. అయినా పెళ్లయిన మొదటి ఆరేళ్లూ పదిహేనో తేదీ దాటిందంటే నాకు గుండె దడే. పాలాయనకి ఏం చెప్పాలి, కరెంటు బిల్లు గడువు ఎప్పుడు, పిల్లాడి బడి బస్సు డబ్బులు ఎవర్ని అడగాలి, ఇవే ఆలోచనలు.

డబ్బు చాలకపోవడం వేరు, వేళకి రాకపోవడం వేరు. చాలకపోతే సంపాదన పెంచుకోవాలి, లేదంటే ఖర్చు తగ్గించుకోవాలి. వేళకి రాకపోతే తేల్చుకోవాల్సింది ఒకటే: డబ్బు లేని రోజుల్లో ఇంటిని ఎవరు మోయాలి? కొట్టాయనా, చిట్టీయా, మెడలో గొలుసా, మన బ్యాంకు అకౌంటా? మోసేవాళ్లు ఎవరైనా కూలి తీసుకుంటారు. ఎవరి కూలి ఎంతో చూసుకోకుండా అలవాటు కొద్దీ ఎవరో ఒకరి మీద భారం వేసేయడమే మా ఇంట్లో జరిగింది. చాలా ఇళ్లలో జరిగేది కూడా అదే.

ముందు కటకట రోజులు లెక్కపెట్టండి

పాస్‌బుక్ తీసి గడిచిన పన్నెండు నెలల్లో డబ్బు వచ్చిన తేదీలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎంత వచ్చిందన్నది తర్వాత చూద్దాం, ముందు తేదీలే. రెండు తేదీల మధ్య అన్నిటికన్నా పెద్ద ఖాళీ ఎన్ని రోజులో చూడండి. మా ఇంటికి అది 41 రోజులు. తాపీ పనికి వెళ్లే మా పక్కింటివాళ్లకి మామూలుగా ఆరు రోజులే, శనివారం బట్వాడా కాబట్టి. కానీ శ్రావణ భాద్రపదాల్లో ముసురు పడితే అది ఇరవై రోజులవుతుంది. మండపేట వైపు రెండు పంటల వరి ఇంటికి దాళ్వా (రబీ) డబ్బు మేలో వస్తే, సార్వా (ఖరీఫ్) డబ్బు డిసెంబరు దాకా రాదు. అంటే ఏడు నెలలు. అంతర్వేది పల్లిపాలెంలో సముద్రం మీద బతికేవాళ్లకి వేట నిషేధమే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు.

ఈ అంకె తెలియకుండా ఏ పద్ధతి మంచిదని అడిగినా ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఆరు రోజుల ఖాళీకి పనికొచ్చేది ఏడు నెలల ఖాళీలో ఇంటిని ముంచేస్తుంది.

ఆ తర్వాత ఒక్కో దారినీ నాలుగు ప్రశ్నలతో తూచాలి. ఎన్ని రోజులు మోయగలదు? నూటికి నెలకి ఎంత పడుతుంది? రాత్రి పదింటికి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే చేతికి అందుతుందా? నాలుగోది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను: డబ్బు వచ్చిన రోజున మన చేతి నుంచీ, అదే రోజు గుమ్మంలోకి వచ్చే చుట్టాల నుంచీ దాన్ని కాపాడుతుందా? దింపు డబ్బులు వచ్చిన సాయంత్రమే ఎవరికో ఒకరికి అవసరం పడటం మా వీధిలో అందరికీ అనుభవమే.

కొట్టు పద్దు

మన వైపు పద్దు పుస్తకం లేని కిరాణా కొట్టు కనపడదు. ‘సరుకులు పట్టుకెళ్లండమ్మా, డబ్బులెక్కడికి పోతాయండీ’ అనే మాటలో ఉన్న ఆదరణ నిజమైనదే. 1996 నవంబరు తుపానుకి మా మావగారి తోటలో చెట్లు సగానికి పైగా పడిపోయాయి. కొత్తగా నాటిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగిందంటే పద్దు వల్లేనని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. అందుకే పద్దుని తీసిపారేయమని నేను అనను.

కానీ దానికి వడ్డీ లేదనుకోవడం పొరపాటు. మూడు నెలల పాటు ఒకే చీటీ సరుకులకి పద్దు ధర ఎంతో, అమలాపురంలో నగదు ఇచ్చి కొంటే ఎంతో పక్కపక్కన రాశాను. నాలుగున్నర వేల సరుకుకి సుమారు మూడువందల ముప్ఫై తేడా వచ్చింది. కందిపప్పు దగ్గర కొంత, నూనె దగ్గర కొంత, బియ్యం దగ్గర కొంత. నూటికి ఏడు రూపాయల పైమాట. బయట మూడు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం కదా. తప్పు కొట్టాయనది కాదు. మనకి అరువిచ్చిన డబ్బు ఆయన హోల్‌సేల్ దగ్గర ఆగిపోతుంది, ఆ భారం ధరలో కలుపుకుంటాడు. మనం మాత్రం బేరం ఆడే నోరు పోగొట్టుకుంటాం, కొట్టు మారే స్వేచ్ఛ కూడా.

పద్దు వాడక తప్పనివాళ్లకి నా సలహా: మీ దగ్గర కూడా ఒక పుస్తకం ఉండాలి, సరుకు తెచ్చిన రోజే అందులో రాయాలి. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, సబ్బు మాత్రమే పద్దులో పడాలి. పిల్లలు వెళ్లి తెచ్చే చిరుతిళ్లు చిల్లర డబ్బులతోనే కొనాలి. డబ్బు పడిన రోజు పాత బాకీ మొత్తం తీర్చాలి. ‘సగం ఉంచండి’ అన్న నెల నుంచే అది పెరగడం మొదలవుతుంది. నెలాఖరున చేయి ఖాళీ అయ్యే ఇళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: చౌక దుకాణంలో రేషన్ ఇచ్చేది 1 నుంచి 15వ తేదీ దాకా. పదిహేను దాటిపోతే ఆ బియ్యం కూడా పద్దులోకే చేరతాయి.

చేబదులు

వడ్డీ లేదు, అడిగిన పూటే దొరుకుతుంది. వారం పది రోజుల ఖాళీకి ఇంతకన్నా మంచిది లేదు. ఏడాదికి రెండు మూడు సార్లకి మించి అదే గుమ్మం ఎక్కితే ఎదుటివాళ్ల ముఖం మారుతుంది. ఇచ్చిన తేదీ తప్పకూడదు. మన జీతమే తేదీ తప్పేది కాబట్టి, పదో తేదీ ఇస్తామనిపిస్తే ఇరవై అని చెప్పండి.

చిట్టీ

ఇక్కడే చాలామంది నాతో ఒప్పుకోరు. చిట్టీ మంచి అలవాటే, కానీ కటకట రోజులకి అది మందు కాదు. వాయిదా నెలనెలా ఒకే తేదీకి కట్టాలి. మన ఇంట్లో లేనిదే ఆ తేదీ. జీతం ఆలస్యమైన నెలలో చిట్టీ వాయిదా కోసం చేబదులు తెచ్చిన ఇళ్లు నాకు తెలుసు, వాటిలో మాది ఒకటి.

పాట దగ్గర, అంటే ఆ నెల చిట్టీ మొత్తం ఎవరికో తేల్చే వేలంలో, పోయేది కూడా చూడాలి. నెలకి అయిదు వేలు, ఇరవై నెలల లక్ష చిట్టీ అనుకుందాం. అవసరం పడి మూడో నెలలోనే పాతిక వేలకి పాడుకుంటే చేతికొచ్చేది డెబ్బై అయిదు వేలు. పాతికలో అయిదు వేలు కమిషన్ పోతే మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికీ తలా వెయ్యి చొప్పున వెళ్తాయి. ఓపికపట్టి చివర్లో తీసుకునేవాళ్లకి అది పొదుపు, మొదట్లో పాడుకునేవాళ్లకి అది ఖరీదైన అప్పు. వేళకి డబ్బు అందని ఇల్లు ఎప్పుడూ మొదట్లోనే పాడుకుంటుంది.

తేదీ ముందే తెలిసిన పెద్ద ఖర్చుకి, అంటే జూన్‌లో బడి ఫీజు, పెళ్లి, ఇంటి పైకప్పు లాంటివాటికి చిట్టీ వేయండి. వేస్తే రిజిస్టరైన చిట్టీయే వేయండి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చిట్టీ రిజిస్ట్రారు దగ్గర నమోదు కావాలి, నిర్వాహకుడి కమిషన్ 7 శాతం దాటకూడదు. అరుగు మీద నడిచే ఊరి చిట్టీలో ఇవేవీ ఉండవు. నడిపేవాళ్లు ఎంత మంచివాళ్లైనా, ఇద్దరు ముగ్గురు వాయిదాలు ఎగ్గొడితే మిగిలిన అందరి డబ్బూ చిక్కుకుపోతుంది.

డ్వాక్రా సంఘం

సంఘం పొదుపులోంచి తీసుకునే అంతర్గత అప్పుకి మా సంఘంలో నూటికి రూపాయి వడ్డీ. బయటి రేటుతో పోలిస్తే చాలా నయం. స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ అప్పులు, అంటే సంఘం పేరు మీద బయటి నుంచి వచ్చేవి, పెద్ద మొత్తాలకి. అయితే బ్యాంకు అప్పు తెచ్చి దాన్ని నెలవారీ సరుకులకి వాడితే, వచ్చే రెండు మూడేళ్లు ఒక కొత్త వాయిదా తేదీ నెత్తిన పడుతుంది. మన వాయిదా తప్పితే తక్కిన తొమ్మిదిమంది ముఖం చూడలేం. గేదెకో, కుట్టుమిషనుకో తీసుకోండి. కటకట రోజులకి అంతర్గత అప్పు చాలు.

బంగారం తాకట్టు

ఆసుపత్రి ఖర్చుకి బంగారాన్ని మించింది లేదు. అరగంటలో డబ్బు చేతికొస్తుంది. లెక్క కోసం యాభై వేలు మూడు నెలలకి తీసుకుందాం. ఏడాదికి 12 శాతం మీద వడ్డీ పదిహేను వందలు. అదే డబ్బు ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే నాలుగున్నర వేలు. బయట అప్పు చేసే ముందు బంగారం వైపు చూడటమే తెలివి. పంట ఉన్నవాళ్లకి ఇంకా చవకైన దారి ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల దాకా పంట రుణానికి 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది.

దీనిలో ప్రమాదం వడ్డీ రేటులో లేదు, నెలనెలా ఎవరూ గుర్తుచేయకపోవడంలో ఉంది. నా నల్లపూసల గొలుసు ఒక ఫైనాన్స్ సంస్థలో పెట్టి, వచ్చే దింపుకి విడిపిద్దాం, ఆపై దింపుకి విడిపిద్దాం అనుకుంటూ ఏడాది దాటించాను. వేలం నోటీసు మా అత్తగారి చేతికి అందింది. ఆ సాయంత్రం ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆవిడ గాజులు తీసి నా చేతిలో పెట్టారు. ఆ మర్నాటి నుంచే నేను కింద చెప్పబోయే పద్ధతి మొదలుపెట్టాను. తాకట్టు పెట్టే రోజునే విడిపించే తేదీ, ఏ డబ్బుతో విడిపిస్తారో రసీదు వెనకాల రాసుకోండి. ఆ రెండూ రాయలేకపోతే పెట్టకండి.

ఇంటి జీతం

వచ్చే డబ్బంతా ఒక అకౌంటులో పడాలి. దాని కార్డు, యూపీఐ రోజువారీ వాడకంలో ఉండకూడదు. దానిలోంచి నెలకోసారి, ఒకటో తేదీన, ఒకే మొత్తం రెండో అకౌంటుకి వెళ్లాలి. ఇల్లు నడిచేది ఆ రెండో అకౌంటు మీదే. కాలేజీ ఎప్పుడిచ్చినా, కాయ ఎంతకి అమ్మినా, ఇంటికి ఒకటో తేదీనే జీతం వస్తుంది.

మొత్తం ఎంత పెట్టుకోవాలన్నదే అసలు సంగతి. వరి ఇంటి లెక్క చూద్దాం. సొంత పొలం రెండెకరాలు. సార్వా ఎకరానికి 30 బస్తాలు, దాళ్వా 42 అనుకుందాం. 2025-26 సీజనుకి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి సుమారు 1,777. దాళ్వా 84 బస్తాలకి 1,49,268 వస్తుంది, సార్వా 60 బస్తాలకి 1,06,620. ఏడాదికి 2,55,888. పంట పంటకీ ఎకరానికి ముప్ఫై వేల పెట్టుబడి అనుకుంటే లక్షా ఇరవై వేలు పొలానికే తిరిగి వెళ్లాలి. మిగిలింది 1,35,888. పన్నెండుతో భాగిస్తే నెలకి పదకొండు వేల పైచిలుకు. ఆ ఇంటి జీతం పదకొండు వేలు.

మేలో లక్షన్నర కళ్లజూసిన ఇంటికి తన జీతం పదకొండు వేలేనంటే నమ్మబుద్ధి కాదు. కానీ దాళ్వా డబ్బు ఏం మోయాలో చూడండి: ఏడు నెలల జీతం 77,000, సార్వా పెట్టుబడి 60,000, మొత్తం 1,37,000. మిగిలేది పన్నెండు వేలు. ఆ పన్నెండు వేలని మేలో మిగులనుకుని ఖర్చు పెట్టేస్తే డిసెంబరులో దెబ్బ తగులుతుంది. ఎందుకంటే సార్వా డబ్బు అయిదు నెలల జీతానికీ దాళ్వా పెట్టుబడికీ కలిపి 1,15,000 మోయాలి, వచ్చింది 1,06,620 మాత్రమే. ఎనిమిది వేల పైన తక్కువ. ఆ లోటు పూడ్చాల్సింది మేలో మిగిలిన పన్నెండు వేలే. సంక్రాంతికి కొత్తబట్టలు అప్పు మీద కొనే రైతు ఇళ్లలో చాలావాటి కథ ఇక్కడే ఉందని నా అనుమానం. కౌలు రైతుకి మక్తా బస్తాలు, అంటే పొలం యజమానికి ఇచ్చే కౌలు ధాన్యం, పక్కకి తీశాకే ఈ లెక్క మొదలవుతుంది కాబట్టి జీతం ఇంకా తగ్గుతుంది. బాధగా ఉన్నా ఆ అంకె తెలియడమే మేలు.

పెద్ద మొత్తాన్ని చేతికి అందకుండా ఉంచడానికి మా తమ్ముడు చేసే పని నాకు బాగా నచ్చింది. దాళ్వా డబ్బు పడగానే పదకొండు వేల చొప్పున ఏడు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేస్తాడు. ఒకటి నెలకి, ఇంకొకటి రెండు నెలలకి, అలా ఏడో నెల దాకా. ప్రతి నెలా ఒకటి గడువు తీరి అకౌంటులో పడుతుంది. వడ్డీ కొద్దిగానే వస్తుంది. కానీ ఎవరైనా అడిగితే ‘డిపాజిట్‌లో ఉందండీ’ అని నిజమే చెప్పొచ్చు. నిజంగా ప్రాణం మీదికొస్తే విరగ్గొట్టుకోవచ్చు, కాస్త వడ్డీ పోతుందంతే.

ఈ పద్ధతికి ఒకటే కష్టం, మొదలుపెట్టడం. మొదటి నెల జీతం ఇవ్వాలంటే ముందు ఒక నెల డబ్బు నిలవ ఉండాలి. మాకు ఆ నిలవ చేరడానికి అయిదు దింపులు పట్టింది. ప్రతి దింపులోంచీ కూలీలు పోను మిగిలినదాంట్లో మూడో వంతు అకౌంటు దాటనివ్వలేదు. ఆ ఎనిమిది నెలలూ కొట్టు పద్దు నడిచింది. రెండూ ఒకేసారి వదలాలని చూడకండి.

రికరింగ్ డిపాజిట్ గురించి కూడా అడుగుతారు. ఒకటో తేదీ జీతం స్థిరపడ్డాకే దాని జోలికి వెళ్లండి. పోస్టాఫీసు ఆర్డీ నెలకి వంద నుంచే కట్టుకోవచ్చు. వాయిదా తప్పితే నూటికి రూపాయి జరిమానా, నాలుగు తప్పితే అకౌంటు ఆగిపోతుంది.

| దారి | ఎంత ఖాళీ మోస్తుంది | ఖర్చు | రాత్రికి రాత్రి అందుతుందా | డబ్బుని కాపాడుతుందా |
|---|---|---|---|---|
| కొట్టు పద్దు | నెల | ధరలో దాగి ఉంటుంది | సరుకు మాత్రమే | లేదు |
| చేబదులు | వారం, పది రోజులు | లేదు | అందుతుంది | లేదు |
| చిట్టీ | ఖాళీకి పనికిరాదు | ముందు పాడితే చాలా ఎక్కువ | అందదు | బాగా |
| సంఘం అంతర్గత అప్పు | రెండు మూడు నెలలు | నూటికి రూపాయి | మీటింగు దాకా ఆగాలి | కొంత |
| బంగారం | ఏడాది లోపు | నూటికి రూపాయి అటూ ఇటూ | పగలైతే వెంటనే | లేదు |
| ఇంటి జీతం | నిలవ ఉన్నంత కాలం | లేదు | అందుతుంది | బాగా |

ఎవరికి ఏది

రోజు కూలి, దింపు పని, తాపీ పని వాళ్లకి నెల జీతం పద్ధతి బరువు. వారం జీతం చేసుకోండి. బట్వాడా రోజున వచ్చినదాన్ని ఏడు రోజులకి కాకుండా ఎనిమిది రోజులకి పంచండి. ఏడు వారాలకి ఒక వారం నిలవ చేరుతుంది, ముసురు రోజుల్లో పొయ్యి వెలిగించేది అదే. దానికి సంఘం పొదుపు తోడుంటే చాలు. చిట్టీ వద్దు.

మాలా నెల జీతం తేదీ జారే ఇళ్లు ఒక నెల నిలవ మీద గురిపెట్టండి. ఈలోపు కొన్ని ఖర్చుల తేదీలు జరపొచ్చు. అప్పిచ్చినవాళ్లని అడిగితే వాయిదా తేదీ మార్చేవాళ్లు ఉంటారు. క్రెడిట్ కార్డు బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. ఎల్‌ఐసీ ప్రీమియం నెలవారీ అయితే 15 రోజులు, మూడు నెలలకో ఏడాదికో అయితే 30 రోజులు అదనపు గడువు ఉంటుంది. జీతం జారే ఇంటికి నెలవారీ కన్నా మూడు నెలలదే నయం.

రొయ్యల చెరువు ఉన్నవాళ్లకి వరి లెక్కే, కానీ మరింత గట్టిగా. వైరస్ వస్తే ఒక పంట మొత్తం పోతుంది. మేత కొట్టు బాకీ, ఇంటి పద్దు ఒకే చేతిలోంచి తీర్చకండి. పంట డబ్బు రాగానే ముందు ఇంటి అకౌంటుకి ఆరు నెలల జీతం పంపి, మిగిలినదే చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ వరస తిరగబడ్డ ఇళ్లు భీమవరం చుట్టుపక్కల ఎన్నో చూశాను.

ఇక కువైట్ నుంచో దుబాయ్ నుంచో డబ్బు వచ్చే ఇళ్లు. రాజోలు వైపు వీధికొకటైనా ఉంటుంది. అక్కడ అక్కకో భర్తకో జీతం ఆలస్యమైతే ఇక్కడ పొయ్యి ఆగుతుంది. ఫోను చేసి ‘ఎప్పుడు పంపుతావు’ అని అడగడం ఇద్దరికీ నరకమే. పంపిన డబ్బంతా వాళ్ల పేరు మీదున్న ఎన్‌ఆర్‌ఈ అకౌంటులోనే (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకు ఇచ్చే ఖాతా) పడనివ్వండి. అందులోంచి ఒకటో తేదీన ఇంటి అకౌంటుకి ఇంత అని నెలనెలా దానంతటదే వెళ్లేలా వాళ్లే బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టమనండి. రెండు నెలల నిలవ చేరేదాకా ఇంటి మీద అంతస్తు మాట ఎత్తకండి. అక్కడున్న మనిషికి ఒక నెల జీతం రాకపోయినా ఆ సంగతి ఇక్కడ పిల్లలకి తెలియకుండా నెల గడుస్తుంది, ఫోనులో మాట్లాడుకోవడానికి వేరే కబుర్లు ఉంటాయి.